నలభై సాయంత్రాల తుపాకి

ఎకర్ట్ గ్యాప్ ఊళ్ళో పోలీసులు తుపాకులు కొనే శనివారం వచ్చిందంటే అందరికంటే ముందు నిద్రలేచేది పోలీసులు కాదు, డోర్సీ. ఏడింటికల్లా లూథరన్ చర్చికి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, ఒక పెద్ద అట్టముక్క మోకాళ్ళకి ఆనించుకుని కూర్చునేవాడు. అట్టమీద తనే రాసుకున్న అక్షరాలు: 'పోలీసులకంటే పది డాలర్లు ఎక్కువ ఇస్తాం. కొయ్యం.'

ఆ చివరి మాటకే రెండుసార్లు రంగు పూశాడు. ఎందుకంటే పోలీసులు కోస్తారు. చర్చి పార్కింగులో ఒక టెంటు, టెంటు కింద బల్ల, బల్ల పక్కన ఇనుము కోసే రంపం, రంపం పక్కన పీపా. మనిషి కారు దిగక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. డిక్కీలోంచి తుపాకి తీసుకుంటారు, కిరాణా కొట్లో సరుకులు కొనుక్కునే కార్డు చేతిలో పెడతారు, తుపాకిని మూడు ముక్కలు చేసి పీపాలో పడేస్తారు. చర్చి ఆడవాళ్ళు ఆ పక్కనే పొయ్యిలు పెట్టి పియరోగీలు, అంటే బంగాళదుంప కూరిన పిండి కుడుములు, ఉడికించి అమ్ముతారు. వాళ్ళకి అటువాళ్ళూ ఇటువాళ్ళూ అనే తేడా లేదు, ఆకలి ఎవరిదైనా ఒకటే రేటు.

"దీని పేరు తిరిగి కొనడమంట," అన్నాడు పక్క కుర్చీలోంచి ఎల్వుడ్. ఎల్వుడ్ డోర్సీకి నలభై ఏళ్ళ నేస్తం, పలకరాయి గనిలో ఒకే షిఫ్టు. "వాళ్ళు మనకి అమ్మిందెప్పుడు, తిరిగి కొనడానికి?"

"పొద్దున్నించి నాలుగోసారి అన్నావు ఆ మాట."

"నాలుగుసార్లూ నిజమే కదా."

ఎల్వుడ్‌కి పోలీసుల మీద ఎంత అనుమానం ఉన్నా వాళ్ళ కార్డుల మీద ఏమీ లేదు. పోయిన ఏడాది వాళ్ళ కొట్టాం అటక మీద దొరికిన తుక్కు తుపాకి ఒకటి పట్టుకెళ్ళి ఇచ్చాడు. దాని గొట్టంలో మూడు తరాల ఎలుకలు పుట్టి, పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని, ఆస్తులు పంచుకున్నాయి. దానికి వంద డాలర్ల కార్డు ఇచ్చారు. ఆ కార్డుతో ఎల్వుడ్ జింక మాంసం దాచుకునే సంచులు కొనుక్కుని, మిగతా తుపాకులతో మరింత శ్రద్ధగా వేటకెళ్ళాడు. ఊళ్ళో నేరాలు తగ్గాయని పోలీసులు పేపర్లో వేయించారు. ఎలుకల గురించి రాయలేదు.

డోర్సీ అనుమానం మాత్రం ఇంకో రకం. అతని దృష్టిలో ఆ రంపం నాటకం. తుక్కు కోస్తారు, జనం చూస్తుండగా. మంచివి ఎక్కడికి పోతాయి? చీఫ్ గారి ఇంట్లో చలిమంట పొయ్యి పైన గోడ మీదకి. సార్జెంట్ల నేలమాళిగల్లోకి. ఈ మాట ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాడు, చెప్పి చెప్పి దగ్గు తెచ్చుకున్నాడని ఎల్వుడ్ అంటాడు. ఆ దగ్గు ఈ మధ్య మాటకి ముందు వస్తోంది, మాట తర్వాతా వస్తోంది.

తొమ్మిదిన్నరకి కార్ల వరస చర్చి మలుపు దాటి పోస్టాఫీసు దాకా పాకింది. ఎల్వుడ్ లేచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఇరవై ఆరో కారు దగ్గర ఆగాడు.

"ఒరే డోర్సీ. అది మీ అక్క కారు కాదూ?"

అక్క కారే. ఆ గోధుమరంగు కారు ఊరంతటికీ తెలుసు. ఐడెల్లా అక్క బండి నడిపితే నడిచి వెళ్ళేవాళ్ళు దాన్ని దాటిపోయి, వెనక్కి తిరిగి కుశలం అడిగి, సమాధానం విని ముందుకు పోతారు. డెబ్భై నాలుగేళ్ళు ఆవిడకి. డోర్సీ కన్నా ఎనిమిదేళ్ళు పెద్ద.

డోర్సీ చూసింది కారుని కాదు. డిక్కీ సగం తెరిచి తాడుతో కట్టి ఉంది. తెరిచిన చోట ఒక బొంత చుట్టిన పొడుగాటి వస్తువు కొన బయటికి వచ్చి ఉంది. ఐదడుగుల పొడుగు వస్తువు ఆ ఇంట్లో ఒక్కటే.

అట్టముక్క కింద పడింది. డోర్సీ లేచి నడిచాడు. పరిగెత్తే ఊపిరి అతనికి లేదు.

క్లీట్ బావ చేసిన తుపాకి అది. కొన్నది కాదు, చేసింది. పదకొండు చలికాలాలు పట్టింది. మొదటి రెండు చలికాలాలు కొయ్య ఎంచుకోడానికే సరిపోయాయి. మేపుల్ దుంగల్ని తట్టి, చెవి ఆనించి, వాసన చూసి, వద్దని పంపేశాడు. అమ్మేవాడు చివరికి కూతురికి సంబంధం చూస్తున్నారా అని అడిగాడంటారు. గొట్టం తనే కొలిమిలో కాల్చి సాగదీశాడు, ఎనిమిది పలకలు. లోపల మెలికలు తిరిగే ఏడు చాళ్ళు ఒక చిన్న ఉక్కు పన్నుతో గీకాడు. ఒక లాగుకి వెంట్రుకలో నాలుగోవంతు ఇనుము లేస్తుంది. అలా వేల లాగులు. బావ లాగుతుంటే ఆ చివర కడ్డీ పట్టుకుని నిలబడింది డోర్సీయే. అప్పుడతనికి పాతికేళ్ళు. పెళ్ళిలో ఉంగరం తొడిగినప్పుడు కూడా అతని చేతులు అంత జాగ్రత్తగా కదల్లేదు. క్రిస్మస్ వెళ్ళాక వచ్చే చెకుముకి తుపాకుల వేటలో బావ దాన్ని భుజానికెత్తితే, జింకలు కూడా ఒక్క క్షణం ఆగి చూసేవి. చాలా జింకలు చేసిన చివరి పని అదే.

బావ పోయి తొమ్మిదేళ్ళయింది. అక్క తర్వాత ఆ తుపాకి డోర్సీకి అని కాగితం రాసి ఉంది.

"అక్కా. ఎక్కడికి?"

ఆవిడ కిటికీ దించింది. "కనపట్టంలా? చర్చికి."

"ఇవాళ శనివారం."

"నాకు వారాలు తెలుసురా."

"డిక్కీలో ఉంది బావ తుపాకి కదా."

"మరి నాదనుకున్నావా? నాకు తుపాకి చెయ్యడం రాదు." ముందు కారు కదిలితే ఆవిడా కదిలింది, ఒక కారు పొడుగంత. డోర్సీ పక్కనే నడిచాడు. అంతకన్నా సులువైన నడక అతను ఆ ఏడాది నడవలేదు.

"వాళ్ళు కోసేస్తారక్కా."

"అందుకేగా వచ్చింది. మన ఇంట్లో రంపం లేదు."

"నాకివ్వు. నేను కొంటా. ఎంత కావాలంటే అంత."

"అమ్మను."

"ఊరికే ఇవ్వు మరి. ఎలాగూ నాకే కదా రాశావు."

"అందుకే కోయిస్తున్నా."

డోర్సీకి ఏమీ అర్థం కాలేదు. ఈలోపు కారు ఇంకో కారు పొడుగు కదిలింది. ముందు ఇంకా ఇరవైకి పైగా కార్లున్నాయి. అతను కిటికీ అంచు పట్టుకున్నాడు, అలా పట్టుకుంటే కారు ఆగుతుందన్నట్టు.

"నువ్విలా చెయ్యడానికి లేదు. అది బావ తుపాకి."

"నా తుపాకి," అంది ఐడెల్లా అక్క. "నా పేరనుంది. ఒకళ్ళ తుపాకిని ఏం చెయ్యాలో చెప్పడానికి పోలీసుకీ హక్కులేదు, గవర్నరుకీ హక్కులేదు, దేవుడు దిగొచ్చినా లైన్లో నిలబడాలి అన్నదెవర్రా? పోయిన థాంక్స్‌గివింగ్‌కి నా బల్ల దగ్గర కూర్చుని, నా కోడి కాలు ఊపుతూ అన్నావు."

"అది... అదొక మాటగా అన్నా."

"మంచి మాట. నాకు నచ్చింది. నా తుపాకి, నా ఇష్టం. చెయ్యి తియ్యి, నలుగుతుంది."

ఇరవై ఏళ్ళుగా తను సానబెట్టి ఉంచిన వాదన తన మీదకే వచ్చి పడితే ఎలా ఉంటుందో డోర్సీకి అప్పుడు తెలిసింది. బాగా తెగుతోంది. ఎక్కడా వంక లేదు.

అతనికి ఇక మిగిలింది ఒక్కటే దారి. కార్లని దాటి, రోడ్డు దాటి, జీవితంలో మొదటిసారి ఆ టెంటు కిందకి అడుగు పెట్టాడు.

సార్జెంట్ రెనాటా కుజ్మా చేతిలో కాగితాలతో నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్ళ మనిషి. వాళ్ళ నాన్న కూడా గనిలోనే చేశాడు.

"డోర్సీ గారూ, లొంగిపోడానికి వచ్చారా?"

"ఒక్క మాట, రెనాటా. ఇలా పక్కకి రా." పీపా వెనక్కి తీసుకెళ్ళాడు. గొంతు తగ్గించాడు. "మంచి తుపాకులు మీరు ఇళ్ళకి పట్టుకుపోతారని మేం అంటాం కదా."

"అంటారు. పోయినసారి మైకు పెట్టి అన్నారు."

"అది నిజమే కదా?"

"కాదండీ."

"నాతో చెప్పొచ్చమ్మా, పర్లేదు. ఒక్కటన్నా?"

"ఒక్కటీ లేదు."

"మీ చీఫ్? ఆయన మొహం చూస్తే తీసుకుపోయేవాడిలాగే ఉంటాడే."

"ఆయన తుమ్మినా రసీదు రాసిపెడతాడండీ."

డోర్సీ చుట్టూ చూశాడు. ఇరవై ఏళ్ళు ఈ పోలీసులు దొంగలని ఊరందరికీ చెప్పిన మనిషి, ఇప్పుడు వాళ్ళు దొంగలైతే బాగుండునని మనసులో దణ్ణం పెట్టుకుంటున్నాడు. "అయితే ఇవాళ మొదలుపెట్టకూడదూ? ఒక్కటే. ఇంకాసేపట్లో వస్తుంది. నువ్వే పట్టుకుపో. మీ ఇంట్లో గోడకి తగిలించుకో. నేను ఎవరికీ చెప్పను. నేను చూడ్డానికి కూడా రాను. ఉందని తెలిస్తే చాలు."

రెనాటా అతని మొహంలోకి చూసింది. ఆవిడ నవ్వలేదు. "నేనలాంటిదాన్ని కాదండీ," అంది నెమ్మదిగా. "క్షమించండి."

ఇంత నిజాయితీ ఇన్నాళ్ళూ రోడ్డుకి అవతలే ఉందని డోర్సీకి తెలీదు. తెలిసిన రోజు దానివల్ల అతనికి పైసా ఉపయోగం లేకపోయింది.

కారు టెంటు కిందకి వచ్చింది. ఐడెల్లా అక్క ఇంజిను ఆపి, దిగక్కర్లేదన్నా దిగింది. తాడు తనే విప్పింది. రెనాటా బొంత మడత తీసింది, ఒక పొర, రెండో పొర, మూడోది.

రంపం దగ్గర నిలబడ్డ ఫైరింజన్ అబ్బాయి కళ్ళద్దాలు పైకి తోసి దగ్గరికొచ్చాడు. పియరోగీల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు గరిటెలు పట్టుకునే వచ్చారు. రోడ్డు అవతల్నించి ఎల్వుడ్ వచ్చాడు. కొయ్య మీద పొడుగునా పులిచారల్లా నిప్పురంగు అలలు. తల కదిలితే ఆ అలలూ కదిలాయి. గొట్టం మీద కొలిమి నలుపు, చెకుముకి కింద ఇత్తడి ఆకులు, ఆకుల్లో ఈనెలు, ఈనెల్లో మరీ వెతికితే ఈనెలు. మొహం దగ్గరికి తీసుకెళ్ళిన ప్రతివాళ్ళూ అనుకోకుండా ఊపిరి బిగబట్టారు, దాని మీద ఆవిరి పడుతుందేమోనని.

"అమ్మా," అంది రెనాటా, "ఇది మా లిస్టులోనే లేదండీ. చెకుముకి తుపాకులకి కార్డు లేదు. మీరు ఇంటికి తీసుకుపోవచ్చు."

డోర్సీ అప్పుడే బొంత అందుకోబోయాడు.

"కార్డు ఎవరడిగారు?" అంది అక్క. "నాకు కావాల్సింది రంపం. కోస్తారా కొయ్యరా?"

"కోస్తాం. మీరు ఖచ్చితంగా కోయించుకుంటానంటే."

"నేను పొద్దున్నే లేచి ఈ బొంత మూడుసార్లు చుట్టింది సరదాకి కాదమ్మా."

రెనాటా తలూపింది. కోసేముందు లోపలేమైనా ఉందేమో చూడాలి, అది రూలు. మామూలు తుపాకైతే ఆవిడ కళ్ళు మూసుకుని చూడగలదు. దీన్ని అటూ ఇటూ తిప్పి, వెనక ఎక్కడా తెరుచుకోదని తెలుసుకుని, సిగ్గుపడింది. "ఇది మాకు నేర్పలేదు."

"చువ్వ వెయ్యాలి," అన్నాడు డోర్సీ. "ఇలా ఇవ్వు."

కొయ్య కిందనున్న చువ్వ బయటికి లాగాడు. తుపాకిని నిలబెట్టి, మూతి తనకి దూరంగా వంచి, చువ్వని గొట్టంలోకి వదిలాడు. ఖాళీ గొట్టమైతే చువ్వ అడుగున ఇనుముకి తగిలి గంటలా మోగుతుంది, చివర గొట్టం అంచుతో సమంగా ఆగుతుంది. ఆ చప్పుడు డోర్సీ నిద్రలో విన్నా గుర్తుపడతాడు.

మోగలేదు. దబ్బున ఆగింది, మెత్తటిదానికి తగిలినట్టు. చువ్వ చివర నాలుగు వేళ్ళ ఎత్తు బయటే నిలబడింది.

డోర్సీ కదల్లేదు. "అందరూ వెనక్కి జరగండి," అన్నాడు.

"ఏంట్రా?" అంది అక్క.

"ఇందులో మందుంది. గుండుంది."

"ఉండదు. మీ బావ చివరి ఏడాది వేటకే వెళ్ళలేదు. వెళ్ళిన ప్రతి ఏడాదీ ఇంటికొచ్చాక పేల్చేసి, కడిగి, తుడిచి పెట్టేవాడు. నీకు తెలుసుగా."

తెలుసు. కాల్చి వచ్చిన తుపాకిని క్లీట్ బావ అన్నం తినేముందు కడిగేవాడు. డోర్సీ చెకుముకి పక్కనున్న చిన్న ఇత్తడి మూత వేలితో ఎత్తాడు. మూత కింద దొప్పలో బూడిదరంగు పొడి గట్టిపడి ఉంది. నిప్పురవ్వ పడాల్సిన చోట పోసిన మందు. గొట్టంలో మందు ఒకవేళ మర్చిపోయాడనుకోవచ్చు. దొప్పలో మందు ఎవరూ మర్చిపోయి పొయ్యరు. అది మీట నొక్కేముందు పోసేది.

తొమ్మిదేళ్ళుగా అది అక్క ఇంట్లో గోడ మీదే ఉంది, అక్క దాని కింద కూర్చుని టీవీ చూస్తోంది.

ఐడెల్లా అక్క కారు బానెట్‌ని చేత్తో పట్టుకుంది. "కుర్చీ," అన్నాడు ఎల్వుడ్ ఎవరితోనో, ఎవరూ కదలకపోతే తనే పరిగెత్తి రోడ్డు దాటి డోర్సీ మడత కుర్చీ తెచ్చాడు. అక్క కూర్చోలేదు.

"ఆ చలికాలం," అంది. డోర్సీతోనే మాట్లాడుతోంది, కానీ అందరికీ వినిపిస్తోంది. "ఊపిరి అందేది కాదు మీ బావకి. నీకు తెలుసు. లోపలంతా పలకరాయి దుమ్మే. మంచం దిగి పొయ్యి దాకా రావడానికి అరగంట పట్టేది. ఒకరోజు సాయంత్రం ఆరింటికి, ఐడీ, ఆ తుపాకి కాస్త దించి ఇవ్వవే అన్నాడు. ఎందుకన్నా. ఊరికేనన్నాడు. నాకు భయమేసింది. ఆయన నిద్రపోయాక తుపాకి మందు పోసి ఉంచే కొమ్ము తీసుకెళ్ళి నా పరుపు కింద పెట్టుకున్నా. మర్నాడు మళ్ళీ అడిగాడు. మందు లేదు కదా అని ధైర్యంగా దించి ఇచ్చా. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి వేసుకుని, మంట చూసుకుంటూ. నేను అవతల గిన్నెలు కడుగుతూ ఉన్నా. గంటయ్యాక, ఇంక పెట్టెయ్యవే అన్నాడు. పెట్టేశా. రోజూ అంతే. నలభై సాయంత్రాలు. నేను లెక్కపెట్టా. తర్వాత మార్చిలో మంచంలోనే, నిద్రలోనే పోయాడు."

డోర్సీ చేతిలోని తుపాకి వైపు చూసింది. "ఆ కొమ్ము నా పరుపు కిందుంది కాబట్టి ఆయన్ని దక్కించుకున్నా అనుకున్నా. తొమ్మిదేళ్ళుగా అదే అనుకుంటున్నా."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే నువ్వేం చేసేవాడివి? ఇప్పుడు నీకూ అదే దగ్గు. ఏప్రిల్లో డాక్టరు చెప్పాడు. నువ్వెవరికీ చెప్పలేదు. ఈ ఊళ్ళో డాక్టరు రహస్యం పియరోగీల పొయ్యి దాటి ఎక్కడికీ పోదురా, నాకు మేలోనే తెలిసింది. నీ ఇంట్లో నువ్వొక్కడివే. నీకు పదిహేడు తుపాకులున్నాయి, వాటి సంగతి నేనేం చెయ్యలేను. నా గోడ మీంచి నీ గోడ మీదకి వెళ్ళేది మాత్రం ఇది కాకూడదనుకున్నా. అంతే."

డోర్సీ చువ్వ బయటికి తీశాడు. దగ్గు కూడా రాలేదు.

మందున్న తుపాకిని ఎవరూ కొయ్యలేరు, కారులో పెట్టుకుని ఇంటికీ తీసుకుపోలేరు. ముందు ఖాళీ చెయ్యాలి. ఆ ఊళ్ళో అది తెలిసినవాడు పోలీసుల్లో లేడు, ఫైరింజన్లోనూ లేడు. రెనాటా డోర్సీ వైపు చూసింది. "మీరే చెయ్యాలండీ."

అతను దొప్పలో మందు తుడిచేశాడు. చెకుముకి రాయి ఊడదీసి జేబులో వేసుకున్నాడు. పియరోగీలు ఉడికిన నీళ్ళు ఒక చెంబెడు తెప్పించి గొట్టంలో పోశాడు. వెన్న, ఉల్లిపాయ వాసనతో నీళ్ళు మెల్లగా కిందకి దిగి, పక్క రంధ్రంలోంచి ముందు నల్లగా, తర్వాత బూడిదరంగుగా కారాయి. ఇంకో చెంబు. ఇంకొకటి. తర్వాత ఎల్వుడ్ తన ట్రక్కులోంచి తెచ్చిన, గుండు లాగే మర మొనని చువ్వ చివర బిగించి, గొట్టంలోకి దించి, తిప్పి తిప్పి, సీసంలోకి దిగిందని చేతికి తెలిశాక లాగాడు. గట్టిగా ఉంది. పాతికేళ్ళప్పుడు ఆ గొట్టంలోనే చాళ్ళు గీసిన లాగుడు అతని భుజాలకి ఇంకా గుర్తుంది. చువ్వ మెలిక తిరుగుతూ పైకి వస్తోంది, బావ గీసిన దారి వెంటే, ఎక్కడా తడబడకుండా. నలభై ఏళ్ళ తర్వాత కూడా గొట్టం మూడొంతుల చుట్టు నున్నగా తిప్పి వదిలింది.

గుండు బయటికొచ్చింది. రేగిపండంత సీసం. గొట్టంలో బిగుతుగా కూర్చోడానికి గుండు కింద వేసే గుడ్డ పేలిక దానికి అతుక్కుని ఉంది. డోర్సీ దాన్ని విప్పి అరచేతిలో పరిచాడు. నూనె, మసి, మధ్యలో అచ్చు. తడి బొటనవేలితో రుద్దాడు.

పసుప్పచ్చ బాతులు.

"ఇటు చూపించు," అంది ఐడెల్లా అక్క.

చూసింది. చాలాసేపు చూసింది. "ఇది ఆ ఏడాది క్రిస్మస్‌కి నేను కుట్టిన నైట్ షర్టు," అంది. "మన లినెట్ మనవరాలి ఉయ్యాలకి కొన్న గుడ్డలో మిగిలింది. డెబ్భై ఏళ్ళ మొగాడికి బాతులేంటే అని నవ్వాడు, నవ్వితే ఊపిరందక భయపెట్టాడు. దాని అంచులో ఒకచోట గుండ్రంగా ఒక ముక్క లేకుండా పోయింది. నేను ఎలుక కొట్టిందనుకున్నా. బోను కూడా పెట్టా."

అందరూ ఎవరి లెక్క వాళ్ళు వేసుకుంటున్నారు, అందరికీ ఒకటే జవాబు వస్తోంది. షర్టు క్రిస్మస్‌కి కుట్టింది. కాబట్టి మందు కూరింది క్రిస్మస్ తర్వాత, అక్క ఏదో ఒక రోజు బయటికెళ్ళినప్పుడు, ఇంకా కాస్త నిలబడగలిగినప్పుడు. గోడ మీద తిరిగి పెట్టేశాడు. ఆ తర్వాత చెయ్యెత్తి దించుకునే బలం పోయింది. అప్పుడు అడగడం మొదలుపెట్టాడు. ఆవిడ పరుపు కింద కొమ్ము పెట్టుకుని నిద్రపోయే వేళకే గొట్టంలో మందు ఉంది, దొప్పలో మందు ఉంది. ఆవిడ చేతుల్తో దించి ఆయన ఒళ్ళో పెట్టింది నిండు తుపాకి. ఒక రోజు కాదు.

"నలభై సాయంత్రాలు," అన్నాడు ఎల్వుడ్. టోపీ ఎప్పుడు తీశాడో అతనికే తెలీదు.

నలభైసార్లు ఒళ్ళోకి వచ్చింది. అవతల గిన్నెల చప్పుడు వింటూ, మంట చూస్తూ, చెయ్యి దాని మీద వేసుకుని కూర్చున్నాడు. నలభైసార్లు, ఇంక పెట్టెయ్యవే అన్నాడు.

డోర్సీ ఆ తుపాకిని నలభై ఏళ్ళుగా ఎరుగును. దాని కొయ్యని చూసి నోరు తెరిచాడు, గొట్టాన్ని చూసి తెరిచాడు, బావ చేతి పనిలో అంతకంటే గొప్పది లేదనుకున్నాడు. పదకొండు చలికాలాల పని అనుకున్నాడు. పన్నెండో చలికాలం ఒకటుందని, ఆ చలికాలం బావ ఏ పనిముట్టూ లేకుండా, ఊపిరి కూడా లేకుండా రోజుకి గంట చొప్పున చేసిన పని ఒకటుందని, దాన్ని ఎవరికీ చూపించకుండా గొట్టంలో పెట్టి మూసేశాడని ఇప్పుడు తెలిసింది. ఎల్వుడ్ తెచ్చిన కుర్చీలో చివరికి కూర్చున్నది అతనే.

వెనక ముప్పై ఏడు కార్లున్నాయి. ఒక్కరూ హారన్ కొట్టలేదు. ముందువాళ్ళు వెనకవాళ్ళకి చెప్పారు, వాళ్ళు ఇంకా వెనకవాళ్ళకి చెప్పారు, ఇంజిన్లు ఒక్కొక్కటే ఆగుతూ వెళ్ళాయి. రంపం కుర్రాడు రంపానికి కరెంటు ప్లగ్గు పీకి, తీగ చుట్టి, అది ఎవరి కంటా పడకుండా కాలితో బల్ల కిందకి తోశాడు.

"అమ్మా," అంది రెనాటా, "దీన్ని ఏం చెయ్యమంటారు?"

ఐడెల్లా అక్క డోర్సీ అరచేతిలోంచి సీసం గుండు తీసుకుంది. బాతుల గుడ్డ మాత్రం మడిచి, బ్యాగులో పెట్టుకుంది. గుండుని రెనాటా చేతిలో పెట్టింది.

"ఇది తీసుకో. ఇచ్చానని రాసుకో."

"దీనికి కార్డు రాదండీ."

"వద్దులే. నువ్వు మాత్రం ఇంటికి పట్టుకుపోకు. మావాడు ఊరంతా చెప్తాడు."

రెనాటా దాన్ని పీపా దాకా తీసుకెళ్ళింది. వంగి, చెయ్యి లోపలికి పెట్టి, కోసిన ముక్కల మీద నెమ్మదిగా ఉంచి వచ్చింది. ఆ రోజు ఎకర్ట్ గ్యాప్ పోలీసుల కాగితంలో డెబ్భై రెండు తుపాకుల కింద, ఇంకో లైనులో, 'సీసం గుండు, ఒకటి' అని ఉంటుంది.

డోర్సీ తుపాకిని తుడిచాడు. తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి, ఎల్వుడ్ చొక్కాతో ఒకసారి. బొంత మళ్ళీ మూడుసార్లు చుట్టాడు. చుట్టి, దాన్ని రెండు చేతుల మీదా పెట్టుకుని అక్క ముందు నిలబడ్డాడు. అడగలేదు. ఇవ్వనంటే డిక్కీలో పెడదామని, రంపమంటే రంపం దగ్గరికి నడుద్దామని, ఏదన్నా చేద్దామని నిలబడ్డాడు.

"కాగితంలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది," అంది అక్క. "ఇది నీదే. కానీ నేనుండగా నా గోడ మీదే ఉంటుంది. చూడాలనిపిస్తే రా. రోజూ అనిపిస్తే రోజూ రా. దించి ఇస్తా. ఒళ్ళో పెట్టుకుని కూర్చో, ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చో, నేను అవతల గిన్నెలు కడుక్కుంటుంటా. అయ్యాక నా చేతికిచ్చి ఇంటికి పో."

డోర్సీ డిక్కీలో తుపాకి పెట్టాడు. తాడు కట్టాడు, ముడి రెండుసార్లు సరిచూశాడు. వచ్చి ముందు సీట్లో అక్క పక్కన కూర్చున్నాడు.

"ఎన్నింటికి రమ్మంటావు?"

"ఆరింటికి," అంది ఐడెల్లా అక్క, కారు స్టార్ట్ చేస్తూ. "ఆయన అడిగే టైము అది."